అర్థమైందని చేసిన సంతకం

నాకు అర్థమైందని సంతకం పెట్టాను. నిజంగా అర్థమైందా అంటే అప్పుడూ చెప్పలేను, ఇప్పుడూ చెప్పలేను. ఆ ఒక్క సంతకం చుట్టూ తొమ్మిది నెలలు ఇద్దరు లాయర్లు, ఒక పాదిరీ, మా బ్రిజిడ్ పిన్ని, నేను గిరగిరా తిరిగాం. అందరికంటే ఎక్కువ కళ్ళు తిరిగింది నాకే.

వూస్టర్‌లో ఇలాంటి సంతకాలు వింత కాదు. మా ఊళ్ళో మగాళ్ళలో సగం మంది జేబుల్లో ఏదో ఒక యంత్రం బొమ్మ ఉంటుంది. మిగతా సగం ఆ బొమ్మ ఇంట్లో మరిచిపోయి వచ్చినవాళ్ళు. కొత్తది ఏదైనా బుర్రకు తట్టగానే కాగితం మీద గీసి, కింద తేదీ వేసి, పక్కనున్న మనిషి చేత "చూశాను, నాకు అర్థమైంది" అని సంతకం పెట్టించుకుంటారు. రేపు ఇంకెవడో అదే కనిపెట్టానంటే, నాకే ముందు తట్టిందని చూపించుకోవడానికి. అది మాకు పక్కింటివాళ్ళకు నిచ్చెన అరువివ్వడం లాంటిది. అడిగితే కాదనకూడదు. మందు సీసాలు ఒలికిపోకుండా నిలబెట్టే డాక్టరు పెట్టెకు ఒకసారి సంతకం పెట్టాను. బట్టలారేసే చక్రానికి రెండుసార్లు పెట్టాను. ఏం అర్థమైందని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఎబెన్ ట్రాస్క్ అడిగినప్పుడు కూడా అలాగే పెట్టాను. పందొమ్మిది వందల ఒకటి, ఆగస్టు తొమ్మిది, మధ్యాహ్నం భోజనాల వేళ. ఎడమ చేతిలో ఉడికిన బంగాళాదుంప, కుడి చేతిలో ఆయన పెన్సిలు.

"ఒకసారి చూసి సంతకం పెట్టమ్మాయ్, డీలియా" అన్నాడు.

"దేనికి ట్రాస్క్ గారూ?"

"ఒక్కొక్క కవరూ విడదీసే యంత్రం. చూడు, ఇక్కడ రబ్బరు వేలు. అర్థమైందా?"

"ఆఁ, అర్థమైంది" అన్నాను. దుంప చల్లారిపోతోంది.

ఎబెన్ మా ఫ్యాక్టరీలో యంత్రాలు సరిచేసే మేస్త్రీ. అప్పటికి నలభై ఆరేళ్ళు. పలచటి మనిషి, మాటలూ పలచనే. పదిహేడేళ్ళుగా ఆయన చెయ్యిపడని యంత్రం మా అంతస్తులో లేదు. ఫ్యాక్టరీ వేళల్లో పనివాడు కనిపెట్టినదంతా యజమానిదే కాబట్టి, ఆయన చేసిన మార్పులు నాలుగింటికి పేటెంటు కాగితాలు వచ్చినా నాలుగింటి మీదా యజమాని పేరే ఉంది. ఈ ఒక్కదాన్ని మాత్రం ఆయన ఆదివారాలు తన ఇంటి వెనక షెడ్డులో చేశాడు.

"ఒక్క కాగితం మీద నా పేరుండాలి డీలియా. చచ్చాక రాయి మీద ఎలాగూ చెక్కుతారనుకో. చదువుకోవడానికి నేనుండను కదా" అన్నాడు ఒకసారి. ఆయన నవ్వుతూ అన్నా నాకు నవ్వు రాలేదు.

మా అంతస్తులో తయారయ్యేవి మందుల కవర్లు. అరచేతిలో సగం ఉంటాయి. మందుల షాపులవాళ్ళు పొడిమందు ఒక్కో మోతాదూ ఒక్కో కవరులో పోసి, గళ్ళ పెట్టెల్లో వరసగా నిలబెట్టి ఆస్పత్రులకు పంపుతారు. పొడులన్నీ తెల్లగానే ఉంటాయి గనక కవరు మీది పేరే దిక్కు. ఆ పేరును ఉక్కు దిమ్మ మీద చెక్కించి, దిమ్మను చిన్న అచ్చు యంత్రానికి బిగిస్తారు. దొంతరలోంచి ఒక్కొక్క కవరూ తీసి అచ్చు కింద పెట్టడం నా పని. పద్నాలుగో ఏట కూర్చున్నాను ఆ స్టూలు మీద. ఎబెన్ బొమ్మ తెచ్చేనాటికి పదకొండేళ్ళయింది.

వినడానికి ఇదేం పని అనిపిస్తుంది. ఆగస్టులో వచ్చి చెయ్యండి తెలుస్తుంది. గాలిలో తేమ పెరగ్గానే కవరు నాలుక మీది జిగురు మెత్తబడి రెండేసి కవర్లు అతుక్కుని వస్తాయి. పైదానికి పేరు పడుతుంది. కిందిది బోసిగా వెళ్ళిపోతుంది. పేరు లేని కవరులో ఎవరైనా ఏదైనా పోస్తే అది తాగిన రోగి గతి ఏమిటి? అందుకే ఆ పనికి ఏ యంత్రం తెచ్చి పెట్టినా నెల తిరక్కుండా పాత ఇనుము కింద వెళ్ళిపోయేది. మళ్ళీ మా ఆడపిల్లలమే కూర్చునేవాళ్ళం.

ఎబెన్ యంత్రం ఆ చిక్కు విప్పింది. ఆయన పేటెంటుకు అర్జీ పెట్టాడు. పెట్టిన కొన్నాళ్ళకే ఫిలడెల్ఫియాలో ఎవరో ఒకాయన సరిగ్గా అలాంటి దానికే అర్జీ పెట్టాడని వాషింగ్టన్ పేటెంటు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇద్దరిలో ఎవరికి ముందు తట్టిందో తేల్చుకోండి అన్నారు. ఫిలడెల్ఫియా ఆయనకు సెప్టెంబరులో తట్టిందట, అందుకు అతని దగ్గర సాక్షులున్నారు. మాది ఆగస్టు తొమ్మిది. మా వైపు సాక్షి ఎవరయ్యా అంటే, ఉడికిన దుంప పట్టుకుని సంతకం పెట్టిన నేను.

కబురు తెలిసిన రోజు ఎబెన్ లాయరు హోల్‌బ్రూక్ గారు నన్ను పిలిపించారు. తెల్ల గడ్డం, పెద్ద పొట్ట, మంచి మనిషి.

"భయపడకండి మిస్ టియర్నీ. ఆ రోజు బొమ్మ చూశారు, అర్థం చేసుకున్నారు, సంతకం పెట్టారు. ప్రమాణం చేసి ఆ మూడు మాటలూ చెబితే చాలు."

"ఏం అర్థమైందని అడిగితేనండీ?"

"అర్థమైంది చెప్పండి."

"పోనీ ట్రాస్క్ గారు ఒకసారి ఆ యంత్రం గురించి నాకు విడమరిచి చెబితే..."

ఆయన కుర్చీలోంచి ఎగిరి పడ్డారు. "అమ్మో, పొరపాటున కూడా వద్దు! ఇప్పుడు చెప్పించుకుంటే అవతలి లాయరు పట్టేస్తాడు. నీకు ఇదంతా ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్పారు అంటాడు. సాక్ష్యం అయ్యేదాకా మీరిద్దరూ ఆ యంత్రం ఊసే ఎత్తకూడదు. మీకు ఆనాడు ఏం అర్థమైందో అదే కావాలి మనకి."

ఇక చూడండి నా అవస్థ. ఆనాడు అర్థమైందని రాసినదాన్ని ఈనాడు అర్థం చేసుకోవడం నేరం. పోనీ అర్థం కాలేదని చెబుదామంటే ఎబెన్ కొంప మునుగుతుంది. అర్థమైందని చెబుదామంటే బైబిలు మీద చెయ్యి వేయాలి. పని చేస్తూ ఇదే ఆలోచన, ట్రాములో ఇదే ఆలోచన. ఆ బొమ్మను కళ్ళ ముందుకు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే నాకు దుంపే కనిపించేది.

మా బ్రిజిడ్ పిన్నికి చెప్పాను. మూడంతస్తుల ఇంట్లో పై వాటాలో మేమిద్దరమే ఉంటాం. ఆవిడ రొట్టె పిండి పిసుకుతూ విన్నది.

"ఏవే, చదవకుండా సంతకం పెట్టావా?"

"చదివాను పిన్నీ. చూశాను కూడా."

"మరింకేం?"

"అర్థం చేసుకున్నానో లేదో తెలియట్లేదు."

"ఓసినీ! నేను మీ బాబాయిని చేసుకున్నప్పుడు చర్చి పుస్తకంలో సంతకం పెట్టాను. ఏం అర్థమైందని పెట్టాను? ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇప్పటికీ అర్థం కాలేదు. నన్నెవరైనా కోర్టుకు లాగారా?" అని పిండిని బల్లకేసి కొట్టింది.

శనివారం పాపం ఒప్పుకోవడానికి వెళ్ళి పాదిరీ గారి చెవిన కూడా వేశాను.

"అర్థం కాలేదని తెలిసి రాశావా అమ్మా?" అన్నారు జాలీ వెనకనుంచి.

"తెలియదు ఫాదర్. అర్థమైందేమో కూడా."

"అర్థమై ఉంటే అది పాపం కాదు కదా."

"అర్థమైందని నాకు తెలియకుండా అర్థమైతేనో ఫాదర్?"

"మూడు మరియ జపాలు చెప్పుకుని వెళ్ళమ్మా. నా తల తిరుగుతోంది" అన్నారు. ఒక్క మనిషయినా నాతో పాటు తికమక పడ్డాడన్న తృప్తితో ఇంటికొచ్చాను.

పందొమ్మిది వందల మూడు మార్చిలో సాక్ష్యం రోజు వచ్చింది. కోర్టు కాదు. మెయిన్ స్ట్రీటులో హోల్‌బ్రూక్ గారి ఆఫీసులోనే, పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్నాం. ఒక చివర ప్రమాణం చేయించి, ప్రతి మాటా రాసుకునే నోటరీ కూర్చున్నాడు. ఎబెన్ కిటికీ పక్కన ఆదివారం కోటు వేసుకుని ముళ్ళమీద ఉన్నట్టు కూర్చున్నాడు. అవతలి లాయరు స్లోకమ్ అని, సన్నగా నునుపుగా ఉన్నాడు. నేను లోపలికి రాగానే లేచి నిలబడి కుర్చీ జరిపాడు. ఆ మర్యాద చూసే నాకు గుండెలో రాయి పడింది.

హోల్‌బ్రూక్ గారు మూడు ప్రశ్నలు వేశారు. నేను మూడు జవాబులు చెప్పాను. ఇంతేనా అనుకునేలోపు స్లోకమ్ గారు బొమ్మను నా ముందుకు జరిపాడు.

"ఈ సంతకం మీదేనా మిస్ టియర్నీ?"

"నాదేనండి."

"బొమ్మ మీకు అర్థమైంది?"

"అని రాశానండి."

"రాశారు. బాగుంది. ఈ పళ్ళచక్రం ఏం చేస్తుంది?"

"తిరుగుతుందండి."

"ఎందుకు తిరుగుతుంది?"

"అది చక్రం కదండీ."

నోటరీ కలం కింద నవ్వు దాచుకున్నాడు. స్లోకమ్ గారు మాత్రం నవ్వలేదు, ఎంతో జాలిగా తల ఊపాడు. "పోనీ ఈ మీట? దీన్ని ఏమంటారు? ఇది పైకి లేచినప్పుడు ఈ కమ్మీ ఎటు జరుగుతుంది? చెప్పలేరా? పరవాలేదు. ఇదిగో, ఈ చిన్న స్ప్రింగు ఎందుకుంది?"

ఏదీ చెప్పలేకపోయాను. బొమ్మ నిండా గీతలు. గీత గీతకూ ఒక అక్షరం. చెవులు వేడెక్కిపోయాయి. ఎబెన్ వైపు చూసే ధైర్యం లేదు.

"మీరేం చదువుకున్నారు మిస్ టియర్నీ?"

"ఆరో తరగతండి."

"పదమూడేళ్ళుగా కవర్లు తీసి అచ్చు కింద పెడుతున్నారు. అంతే కదా మీ పని? బుర్ర పెట్టాల్సిన పనేం కాదు కదా?"

అంతవరకూ నాది సిగ్గు. ఆ మాటతో కోపం వచ్చింది. బుర్ర పెట్టాల్సిన పని కాదట! నా పదమూడేళ్ళలో పేరు లేని కవరు ఒక్కటంటే ఒక్కటి ఆ గది దాటి వెళ్ళలేదు. ఆ సంగతి ఈ నున్నటాయనకు ఎవరు చెబుతారు? కానీ అడిగినదానికే జవాబు చెప్పాలన్నారు గనక నోరు మూసుకున్నాను.

"నాకింకేం ప్రశ్నలు లేవు" అని కూర్చున్నాడు. హోల్‌బ్రూక్ గారి మొహం పాలిపోయింది. కాసేపు గడ్డం నిమురుకున్నారు. అంతలో ఆయన చూపు బల్ల మీద ఉన్న ఆఫీసు కవర్ల కట్ట మీద పడింది. ఆ కట్టను విప్పి నా ముందు పెట్టారు.

"మిస్ టియర్నీ, మేస్త్రీల భాష మీకు రాకపోవచ్చు. మాటలొద్దు. ఆ బొమ్మలోని యంత్రం కవరును ఎలా విడదీస్తుందో మీ చేత్తో చేసి చూపించగలరా?"

"చేత్తోనా అండీ?"

"చేత్తోనే. రబ్బరు వేలు ఏం చేస్తుందో మీ వేలితో చెయ్యండి."

అప్పటిదాకా ఎవరూ ఇలా అడగలేదేం! దొంతర ముందుకు లాక్కున్నాను. బొటనవేలు పై కవరు మీద ఆనించి, ముందుకు లాగకుండా, ముందు కొంచెం వెనక్కి నెట్టాను. పై కవరు ఒక్కటీ నడుం లేపింది. దాని కిందకి గాలి దూరింది. అప్పుడు ముందుకు లాగితే ఒక్కటే వచ్చింది. ఇంకోటి. ఇంకోటి. చెయ్యి అలవాటులో పడిపోయి పాతిక కవర్లు బల్ల మీద పరిచేశాను. రెండు కలిసినది ఒక్కటి కూడా లేదు.

"ముందు వెనక్కి, ఆ తర్వాతే ముందుకి!" హోల్‌బ్రూక్ గారు బల్ల గుద్దారు. "ఈ యంత్రంలో కొత్తదనమంతా ఇదే. చక్రాలూ మీటలూ ఎవరైనా పెడతారు. పాత యంత్రాలన్నీ ముందుకు లాగి చెడిపోయాయి, ఇదొక్కటే ముందు వెనక్కి నెడుతుంది. బొమ్మలో సారం ఏదో దాన్ని ఈ అమ్మాయి పట్టుకుంది. రాసుకోండి నోటరీ గారూ!"

అయితే నాకు అర్థమైంది! నా ప్రాణం లేచొచ్చింది. అర్థమయ్యాకే సంతకం పెట్టాను. పాపం లేదు, మరియ జపాలు దండగ. మొదటిసారి ఎబెన్ వైపు చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు. ఆ మొహంలో అంత నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

స్లోకమ్ గారు మెల్లగా లేచాడు. కవర్లు కాసేపు చూశాడు.

"చాలా బాగా చేశారు మిస్ టియర్నీ. ఇందాక తక్కువగా మాట్లాడాను, క్షమించండి. ఇదంతా ఈ బొమ్మ చూసి నేర్చుకున్నారన్నమాట?"

క్షమించమన్నాడు గానీ నా కోపం ఇంకా దిగలేదు. "బొమ్మ చూసి నేర్చుకోవడమేంటండీ? ఎవరో బొమ్మ గీసేదాకా ఆగితే నా పని గతేంటి? పద్నాలుగేళ్ళప్పుడు, మొదటి వేసవిలోనే పట్టుకున్నాను. ఎవరూ నేర్పలేదు."

"ఎవరూ నేర్పలేదు" అన్నాడు ఆయన, నోటరీకి వినపడేలా. "ట్రాస్క్ గారు ఎప్పుడైనా మీరు చేస్తుంటే చూశారా?"

"చూడ్డమా! బొమ్మ గీసే ముందు, ఆ జులైలో వారం రోజులు నా పక్కనే పెట్టె బోర్లించుకుని కూర్చున్నారు. ఎందుకు ముందు వెనక్కి నెడుతున్నావు అని అడిగారు కూడా."

హోల్‌బ్రూక్ గారు చెయ్యి పైకెత్తారు. దేనికో నాకు తెలియలేదు. నాకు మంచి ఊపు వచ్చింది.

"మీరేం చెప్పారు?"

"దానికి ఊపిరాడాలి కదా అన్నాను."

స్లోకమ్ గారు బొమ్మ నా ముందు పెట్టి, అంచున ఎబెన్ చేతిరాతతో ఉన్న ముక్క మీద వేలు పెట్టాడు. 'ఊపిరి కోసం, ముందు వెనక్కి' అని ఉంది. "ఈ మాట మీదేనా?"

"నాదేనండి" అన్నాను గర్వంగా.

ఆయన కూర్చున్నాడు. ఈసారి కూడా నవ్వలేదు, కానీ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. హోల్‌బ్రూక్ గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఎబెన్ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో, ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. గెలిచామా ఓడామా అని నేను అందరి మొహాలూ మార్చి మార్చి చూశాను.

అవతలివాళ్ళు వెళ్ళాక హోల్‌బ్రూక్ గారు చెప్పారు. మెల్లగానే చెప్పారు. నాకు బోధపడడానికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"దీన్ని కనిపెట్టింది నేనొక్కణ్ణే అని ట్రాస్క్ ప్రమాణం చేసి అర్జీ పెట్టాడమ్మా. ఇప్పుడు ఆ అసలు ఆలోచన మీదని మీరే ప్రమాణం చేసి చెప్పారు. ఆ అర్జీ ఇక నిలవదు."

"నాది ఆలోచన కాదండీ. కవర్లు తీయడం."

"చట్టం దాన్ని ఆలోచనే అంటుంది."

"అయితే నాకు అర్థమైందా కాలేదా?"

"మరీ ఎక్కువ అర్థమైంది. అదే మన కష్టం." ఆయన నిట్టూర్చారు. "ఒకటే దారి. ఈ అర్జీ వదిలేసి, మీరిద్దరూ కలిసి, ఇద్దరి పేర్లతో కొత్తది పెట్టాలి. దాని ఆశ కూడా తక్కువే. కనిపెట్టినవాళ్ళే తమకు తాము సాక్షులు కాలేరు. భాగస్తురాలయ్యాక ఆ బొమ్మ మీద మీ సంతకం చెల్లదు. ఆగస్టు తొమ్మిదికి వేరే సాక్షి లేడు."

సాక్షిగా ఉన్నంతసేపూ నాకేం తెలియదన్నారు. తెలుసని తేలాక సాక్షివి కాదు పొమ్మన్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎబెన్ టోపీ తీసుకుని బయటకు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. మెట్ల మీద దొరికాడు, సగం దిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ట్రాస్క్ గారూ, నాకు తెలియదు. మీకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఒట్టు."

"పదకొండేళ్ళు" అన్నాడు. "పదకొండేళ్ళు నీ దగ్గర పెట్టుకుని, ఇది నాదని ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"అదొకటని నాకేం తెలుసండీ? నా బొటనవేలు అది. బొటనవేలు నాదేనని ఎవరైనా చెప్పుకుంటారా?"

"బొమ్మ చూపించాను కదా! దాని మీద నీ మాటే రాసి చూపించాను. అప్పుడైనా అనలేకపోయావా, ఇది నాదే అని?"

"దుంప తింటున్నాను ట్రాస్క్ గారూ!"

అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. ఆ బొమ్మలో చక్రాలూ మీటలూ తప్ప నాకేం కనపడలేదు. నా వేలు అక్కడుందని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి ఉంటే మురిసిపోయేదాన్నేమో. ఇప్పుడు మాత్రం ఆ వేలు కోసేసుకుందామన్నంత బాధగా ఉంది. ఒకపక్క, దేవుడు క్షమించుగాక, కడుపులో ఎక్కడో చిన్న సంతోషం కూడా కదులుతోంది. దాన్ని ఆయన చూస్తాడేమోనని తల దించుకున్నాను.

ఎబెన్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాతో కాదు, టోపీతో చెబుతున్నట్టు మాట్లాడాడు.

"ఆ వారమంతా నీ పక్కన కూర్చుని నేను కనిపెడుతున్నాననుకున్నాను. నాలుగు కాగితాల మీద పేరు రాసుకున్నందుకు ఆ యజమానిని పదిహేడేళ్ళు తిట్టుకున్నాను. నేనూ అదే చేశానా డీలియా? నాకు తెలియకుండానే చేశానా?"

"ఆ చక్రాలు మాత్రం మీవే. అవి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బైబిలు మీద ప్రమాణం చేసి చెబుతాను" అన్నాను.

ఆయన గొంతులోంచి నవ్వో దగ్గో వచ్చింది. లేచి కోటు దులుపుకున్నాడు. వీధిలోకి దిగుతాడనుకున్నాను. దిగలేదు, పైకెక్కాడు.

హోల్‌బ్రూక్ గారు దీపం ముట్టించుకుని కూర్చున్నారు. ఎబెన్ టోపీ చేత్తో పట్టుకుని బల్ల ముందు నిలబడ్డాడు.

"కొత్త అర్జీ రాయండి" అన్నాడు.

"ఆలోచించుకున్నావా? పాత ప్రమాణం తప్పని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. చివరికి ఏమీ రాకపోవచ్చు."

"రాయండి. ఆలోచన ఆమెది. ఆమె చేస్తుంటే చూసి, అడిగి తెలుసుకుని, నేను ఇనుముతో చేశాను. ఉన్నదున్నట్టు అలాగే రాయండి. పేర్లలో ఆమెది ముందు పెట్టండి."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు, ఆగలేదు. హోల్‌బ్రూక్ గారు రుమాలు ఇచ్చి, కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించారు. ఈసారి ప్రతి ముక్కా రెండుసార్లు చదివించుకుని పెట్టాను.

వాషింగ్టన్ నుంచి తీర్పు డిసెంబరులో వచ్చింది. హోల్‌బ్రూక్ గారు చెప్పినట్టే అయింది. ఆగస్టు తొమ్మిదికి సాక్షి లేడు గనక మా తేదీ చెల్లలేదు. ఫిలడెల్ఫియా ఆయన సెప్టెంబరు నిలిచింది. పేటెంటు అతనికి ఇచ్చేశారు.

ఆ ఉత్తరం ఎబెన్ భోజనాల వేళ నా స్టూలు దగ్గరికి తెచ్చి చదివి వినిపించాడు. ఆయన మీద జాలేసింది, ఆ తర్వాత నా మీద నాకే జాలేసింది. రెండింట్లో ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను.

"పోనీలెండి ట్రాస్క్ గారూ. ఆయనకు కూడా నిజంగానే తట్టి ఉంటుంది" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఎబెన్ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బోర్లించిన పెట్టె మీద కూర్చుని, నా దొంతరలోంచి ఒక కవరు తీశాడు. ముందు వెనక్కి నెట్టే తీశాడు.

"అక్కడ ఏ పిల్ల పక్కన కూర్చున్నాడో డీలియా, వాడు" అన్నాడు.